చాప మీద కూర్చోని బిడ్డకు యోగా: నర్సుల ప్రశ్నలు, మా జవాబులు

రెండు నెలల క్రితం ఈ శీర్షికలో ఒక తల్లికి జవాబు రాస్తూ, ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లలకు యోగా చేయించడంలో నర్సులకు శిక్షణ ఇస్తే మేలు జరుగుతుందని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యం గురించి తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

నాడీవికాస లోపాలు అని వైద్యులు అనేది మెదడు ఎదిగే దశలోనే మొదలయ్యే తేడాలను. ఆటిజం (మాటలో, నలుగురితో మెలగడంలో తేడా), ఏడీహెచ్‌డీ (నిలకడ, ఏకాగ్రత కుదరకపోవడం), మేధో వైకల్యం, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేకమైన ఇబ్బందులు వీటిలోకి వస్తాయి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల అదుపు తప్పడం), డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండటం) ఉన్న పిల్లలను కూడా ఈ జవాబుల్లో కలిపే మాట్లాడుతున్నాను, ఎందుకంటే వార్డులోకి వచ్చే బిడ్డ పాఠ్యపుస్తకంలోని విభజన ప్రకారం రాడు. మన దేశంలో హైదరాబాదుతో సహా 5 ప్రాంతాల్లో జరిగి 2018లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం, వినికిడి, చూపు లోపాలను, మూర్ఛను కూడా లెక్కలోకి తీసుకుని, 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల్లో సుమారు 8 మందిలో ఒకరికి ఇటువంటి ఇబ్బంది ఏదో ఒకటి ఉందని తేల్చింది. అంత మంది పిల్లలకు సరిపడినంత మంది థెరపిస్టులు మనకు లేరు.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నేను పిల్లల వార్డులో పదకొండేళ్ళుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. సెలైన్లు, ఇంజెక్షన్లు, కేస్ షీట్లు పూర్తయ్యేసరికి భోజనానికి కూడా తీరిక దొరకదు. ఇప్పుడు యోగా శిక్షణ కూడా తీసుకోవాలని అంటున్నారు. ఇది అసలు మా పనేనా? దీనివల్ల మేలు జరుగుతుందని రుజువు ఉందా?
— ఒక స్టాఫ్ నర్సు, తిరుపతి

జవాబు: మీ అలసట నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళకు పైగా నేనూ ఆ డ్యూటీలే చేశాను, అందులో చివరి పన్నెండేళ్ళు విద్యార్థినులకు పాఠాలు చెబుతూ. మనుషులను పెంచకుండా, ఉన్న పని తగ్గించకుండా, యోగాను మీ డ్యూటీ పట్టికలో మరో పనిగా రాసిపెడితే దానివల్ల మీకూ మేలు లేదు, బిడ్డకూ మేలు లేదు. రోజుకు అరగంట ఆ పనికే విడిచిపెట్టి, ఆ అరగంట మీ మంచాలను మరొకరు చూసుకునే ఏర్పాటు చేయాలి. ఈ మాటను మీ హెడ్ నర్సు ద్వారా పైవారికి రాతపూర్వకంగా తెలియజేయడానికి మొహమాటపడకండి.

మీ పనేనా అన్న ప్రశ్నకు మాత్రం అవునని చెబుతాను. ఆసుపత్రిలో చేరిన బిడ్డను ఫిజియోథెరపిస్టు చూసేది అరగంట, డాక్టరు గారు చూసేది పది నిమిషాలు. మిగిలిన పగలూ రాత్రీ ఆ బిడ్డ మీ కళ్ళ ముందే ఉంటాడు. ఏ మందు వేశాక మత్తుగా ఉంటాడో, ఏ వేళలో చిరాకు పడతాడో, ఫిట్స్ వచ్చే ముందు ముఖం ఎలా మారుతుందో మీకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. డాక్టరు గారిని అడగడానికి జంకే తల్లి, మీరు సెలైన్ మార్చేటప్పుడు కొంగు పట్టుకుని అడుగుతుంది. యోగాలో పిల్లలకు పనికివచ్చే భాగం ఏదైనా ఇంటిదాకా చేరాలంటే ఆ చనువు కావాలి.

రుజువు విషయంలో మీరు అడిగింది సరైన ప్రశ్న, దాన్ని దాటవేయకూడదు. బెంగళూరులో మేధో వైకల్యం ఉన్న 90 మంది పిల్లల మీద జరిగిన ఒక అధ్యయనం 1989లో ప్రచురితమైంది. వారిలో 45 మందికి ఒక విద్యాసంవత్సరమంతా వారానికి 5 గంటల చొప్పున యోగా చేయించారు, మిగిలిన 45 మంది మామూలు బడి కార్యక్రమాన్నే కొనసాగించారు. యోగా చేసిన పిల్లల్లో తెలివితేటల పరీక్షల్లోనూ, నలుగురితో మెలగడంలోనూ మెరుగుదల కనిపించింది. అయితే ఏడాది పాటు వారానికి 5 గంటలు ఒక పెద్దమనిషి శ్రద్ధగా పక్కన కూర్చోవడమే ఆ మేలులో ఎంత భాగమో ఆ పద్ధతిలో విడదీసి చెప్పడం కష్టం. ఆ తరువాత ఆటిజం మీద, ఏడీహెచ్‌డీ మీద వచ్చినవి ఎక్కువగా కొద్దిమంది పిల్లలతో చేసిన చిన్న అధ్యయనాలు. వాటిలో నిద్ర, నిలకడ, శరీర సమతౌల్యం, కోపతాపాలు కొంత మెరుగుపడినట్లు చెప్పారు, కానీ తమ బిడ్డ యోగా చేస్తున్నాడని తెలిసిన తల్లిదండ్రులే చాలాచోట్ల మార్కులు వేశారు. కాబట్టి తల్లిదండ్రులకు యోగాను ఒక తోడ్పాటుగానే పరిచయం చేయండి. ఆటిజాన్ని యోగా నయం చేస్తుందని ఎవరు చెప్పినా, ఆ చెప్పినవారు ఎంత పెద్దవారైనా, మీరు ఒప్పుకోవద్దు.

ఎలా పనిచేయవచ్చన్నది మీరు రోజూ మానిటర్ మీద చూస్తున్నదే. గాలి పీల్చినప్పుడు బిడ్డ గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. పిల్లల్లో ఈ హెచ్చుతగ్గులు స్పష్టంగా కనిపిస్తాయి కనుక కొత్తగా డ్యూటీలో చేరిన అమ్మాయిలు చూసి కంగారుపడుతుంటారు. గాలి వదలడాన్ని నిదానంగా, పొడవుగా సాగదీస్తే గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడి ప్రభావం పెరిగి శరీరం నెమ్మదిస్తుంది. పిల్లల యోగాలో మనం ముఖ్యంగా వాడుకునేది ఈ గుణాన్నే.

ప్రశ్న: మా నర్సింగ్ కాలేజీలో ఈ అంశం మీద మూడు రోజుల వర్క్‌షాప్ పెట్టి సర్టిఫికెట్లు ఇవ్వాలని ఆలోచిస్తున్నారు. ప్రణాళిక తయారుచేసే బాధ్యత నాకు అప్పగించారు. ఏయే ఆసనాలు చేర్చాలో, ఎన్ని గంటలు కేటాయించాలో దయచేసి తెలుపగలరు.
— నర్సింగ్ ట్యూటర్, తిరుపతి

జవాబు: ఆసనాల జాబితాతో మొదలుపెట్టకండి అని మొదటగా మనవి చేస్తున్నాను. పిల్లల కోసం కావలసిన ఆసనాలు పదికి మించవు, వాటిని మీ విద్యార్థినులు వారం రోజుల్లో నేర్చుకోగలరు. నేర్పవలసిన అసలు విద్య, ఎదుట ఉన్న బిడ్డను గమనించడం. అది మూడు రోజుల్లో వచ్చేది కాదు, కనుక మూడు రోజుల సర్టిఫికెట్ చేత పట్టుకుని ఎవరూ పిల్లల దగ్గరికి వెళ్ళకూడదని నా గట్టి అభిప్రాయం.

నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం, యోగా శిక్షణ పూర్తిచేసిన ఉత్సాహంలో, నేను పనిచేస్తున్న చోట ఆరేళ్ళ బాబుకు తాడాసనం చేయిస్తున్నాను. అతనికి ఆటిజం ఉందని నాకు తెలుసు. భుజాలు ముందుకు వంగి ఉన్నాయని, వెనుక నుంచి వెళ్ళి రెండు చేతులతో సరిచేశాను. ఆ బిడ్డ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తల నేలకు కొట్టుకున్నాడు, నుదురు చిట్లింది. ఆ తరువాత రెండు నెలల పాటు నన్ను చూస్తే చాలు తల్లి వెనుక దాక్కునేవాడు. వెనుక నుంచి, చెప్పకుండా, తేలికగా తాకే చేయి ఆ బిడ్డ చర్మానికి నిప్పులాంటిదని అతని తల్లిని ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. తప్పు పూర్తిగా నాదే. నాకు శిక్షణ ఇచ్చినవారు భుజాలు ఎలా ఉండాలో నేర్పారు, తాకవచ్చునా అని అడగడం నేర్పలేదు. మీ ప్రణాళికలో ఆ లోటు ఉండకూడదని ఇదంతా రాస్తున్నాను.

నన్ను అడిగితే కనీసం పన్నెండు వారాలు కావాలి. వారానికి రెండు పూటలు చాలు, కానీ మధ్యలో విరామం ఉండాలి, ఎందుకంటే నేర్చుకున్నదాన్ని వార్డులో చూసి, తిరిగి వచ్చి చర్చించుకోవడానికి ఆ రోజులు పనికివస్తాయి. మొదటి మూడు వారాలు నర్సులు తమ కోసమే యోగా చేయాలి. నైట్ డ్యూటీ దిగి వచ్చిన మనిషి శ్వాస పైపైన ఆడుతూ, గొంతు గట్టిగా, మాట వేగంగా ఉంటుంది. ఇటువంటి పిల్లలు మన మాట కన్నా ముందు మన గొంతును పట్టుకుంటారు. తన ఊపిరిని తాను నిదానించుకోలేని మనిషి మరొకరికి నిదానం నేర్పలేదు.

తరువాతి మూడు వారాల్లో గమనింపు నేర్పండి. ఒక్కొక్క నర్సును ఒక బిడ్డ ఉన్న గదిలో అరగంట కూర్చోబెట్టి, కంటికి కనిపించినది మాత్రమే రాయమనండి. 'మొండి చేస్తున్నాడు' అని రాస్తే ఆ మాట కొట్టివేయండి. 'ఫ్యాను వేయగానే రెండు చెవులూ మూసుకున్నాడు, కిటికీ వైపు నడిచాడు, మునివేళ్ళ మీద నడుస్తున్నాడు' అని రాస్తే అది గమనింపు. అగరుబత్తి వాసనకు వాంతి చేసుకునే బిడ్డ ఉంటాడు, చల్లని నేల మీద పాదం మోపని బిడ్డ ఉంటాడు, జంబుఖానా గరుకును భరించలేనివాడు, దాన్నే చెంపకు రాసుకుని ఊరట పొందేవాడు కూడా ఉంటారు. వీటన్నింటినీ ముందే తెలుసుకుని గదిని సర్దిపెడితే సగం పని పూర్తయినట్లే. ప్రతిరోజూ అదే వేళ, అదే మూల, అదే చాప. ఆటిజం ఉన్న పిల్లలకు ముందు ఏమి జరుగుతుందో తెలిసి ఉండటమే పెద్ద ధైర్యం. నాలుగు బొమ్మలు గీసిన అట్టను గోడకు తగిలించి, ఒక్కొక్కటి పూర్తయ్యాక ఆ బొమ్మను తిప్పివేసే పద్ధతిని మీ విద్యార్థినుల చేతనే తయారుచేయించండి. ఖర్చు ఏమీ లేదు.

మాటలు తక్కువగా ఉండాలి. 'ఇప్పుడు మనం అందరం చక్కగా నిలబడి చేతులు పైకి ఎత్తుదామా నాన్నా' అనే పొడవైన వాక్యంలో బిడ్డకు ఏ మాట పట్టుకోవాలో తెలియదు. 'చేతులు పైకి' అని, తాను ఎత్తి చూపించి, పది సెకన్లు ఎదురుచూడాలి. ఆ పది సెకన్లు మౌనంగా ఉండటం మన నర్సులకు చాలా కష్టమైన పాఠమని నేను చూశాను. కళ్ళలోకి చూడమని, కళ్ళు మూసుకోమని బలవంతం చేయకూడదు.

పిల్లలకు తెలిసిన లోకం నుంచి పోలికలు తీసుకోండి. మన ప్రాంతపు బిడ్డకు తాడాసనం అంటే కొండలా నిలబడటం, ఆ కొండ కిటికీలోంచే కనిపిస్తుంది. నిదానంగా గాలి వదలడానికి, ఘాట్ రోడ్డు దిగి వచ్చిన బస్సు బ్రేకు వేసినప్పుడు వచ్చే 'సుస్' శబ్దాన్ని చేయమంటే, ఎన్ని చెప్పినా ప్రాణాయామం చేయని పిల్లలు కూడా పళ్ళ మధ్య నుంచి పొడవుగా గాలి వదలడం నాకు తెలుసు. లెక్కపెట్టడం ఇష్టమైన ఒక పాప ఏడు శ్వాసలకు ఏడు కొండల పేర్లు వరుసగా చెప్పుకునేది, శేషాద్రితో మొదలుపెట్టి వేంకటాద్రికి వచ్చేసరికి చేతులు వాటంతట అవే ఒడిలోకి వచ్చేవి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలను రాగానే శవాసనంలో పడుకోబెట్టకండి. ముందు గోడను నెట్టడం, పిల్లిలా వీపు పైకి కిందికి కదపడం, కప్పలా గెంతడం వంటి బరువైన కదలికలతో ఒంట్లోని ఉరుకును వెళ్ళనిచ్చి, ఆ తరువాతే నిదానానికి రావాలి. మొదటి రోజుల్లో మొత్తం ఎనిమిది నిమిషాలు చాలు.

చివరి ఆరు వారాలు పిల్లలతోనే గడవాలి, కానీ పక్కన అనుభవజ్ఞులు ఉండాలి. తిరుపతికి ఈ విషయంలో ఉన్న సౌలభ్యం తక్కువ ఊళ్ళకు ఉంది. రుయా ప్రభుత్వాసుపత్రి, స్విమ్స్ వైద్య విశ్వవిద్యాలయం, ఎముకల వైద్యానికి చెందిన బర్డ్ ఆసుపత్రి ఒకదాని నుంచి ఒకదానికి నడిచి వెళ్ళగలిగినంత దగ్గరగా ఉన్నాయి. స్విమ్స్‌లో నర్సింగ్, ఫిజియోథెరపీ కళాశాలలు రెండూ ఉన్నాయి, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో యోగా బోధిస్తారు. యోగా తెలిసినవారు, కండరాల సంగతి తెలిసినవారు, మందుల సంగతి తెలిసినవారు ఒకే బల్ల చుట్టూ కూర్చుని శిక్షణ తయారుచేయడానికి ఇక్కడ దూరం అడ్డు కాదు. పొరుగునే బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో యోగాను వైద్యంతో కలిపి చూసే ప్రత్యేక విభాగం కూడా ఉంది కనుక, వారి శిక్షణ పద్ధతిని చూసి రావడానికి ఇద్దరు ట్యూటర్లను పంపమని మీ యాజమాన్యాన్ని అడగండి.

పరీక్ష రాతపూర్వకంగా మాత్రమే పెట్టకండి. బిడ్డ 'వద్దు' అని సైగ చేసినప్పుడు ఆ నర్సు ఆపిందా లేదా అన్నది చూసి మార్కులు వేయండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరికి ఫిట్స్ ఉన్నాయి, ఒక పాపకు డౌన్ సిండ్రోమ్, ఇద్దరికి కాళ్ళు బిగుసుకుని ఉంటాయి. ఎవరికి ఏవి చేయించకూడదో చెప్పగలరా? వేసవిలో కూడా చేయించవచ్చునా?
— స్టాఫ్ నర్సు, చిత్తూరు

జవాబు: ఫిట్స్ ఉన్న పిల్లలకు వేగంగా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రిక చేయించకూడదు. కారణం మీకు సులభంగా అర్థమవుతుంది. మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష గదిలో బిడ్డను మూడు నిమిషాల పాటు వేగంగా గాలి పీల్చి వదలమని చెబుతారు కదా, అది దాగి ఉన్న మూర్ఛను బయటకు రప్పించడానికే. వేగంగా ఊపిరి ఆడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడు రక్తనాళాలు ముడుచుకుని, ముఖ్యంగా క్షణకాలం శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే రకం మూర్ఛలు సులభంగా వస్తాయి. ఆసుపత్రిలో పరీక్ష కోసం చేసే పనిని మనం చాప మీద ఆరోగ్యం కోసమని చేయించకూడదు. ఊపిరి బిగబట్టే కుంభకం ఏ చిన్నపిల్లలకూ అవసరం లేదు. దీపాన్ని చూస్తూ చేసే త్రాటకాన్ని కూడా ఈ పిల్లల విషయంలో పక్కన పెట్టండి. చేయించే గదిలో గట్టి అంచులున్న బల్లలు ఉండకూడదు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గడియారం చూడటం, ఐదు నిమిషాలు దాటితే అత్యవసర మందు ఇవ్వడం మీకు తెలిసినవే అయినా, తల్లులకు తప్పక నేర్పండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం ఇప్పటికీ మన ఊళ్ళలో జరుగుతున్నాయి, ఆ హడావిడిలో బిడ్డను పక్కకు తిప్పడం మరిచిపోతారు.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పాప విషయంలో మెడను గుర్తుపెట్టుకోండి. మెడలోని మొదటి రెండు ఎముకలను పట్టి ఉంచే బంధనాలు కొందరిలో వదులుగా ఉంటాయి, అక్కడ ఎముక జరిగితే వెన్నుపాము నలుగుతుంది. కనుక శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం, మత్స్యాసనం, మొగ్గలు వేయడం ఏవీ వద్దు. ఈ పిల్లల ఒళ్ళు రబ్బరులా వంగుతుంది కనుక చూసేవారికి ముచ్చటగా ఉండి, ప్రదర్శనల్లో ముందు వరుసలో నిలబెట్టాలని అనిపిస్తుంది. నేను అలాంటి ప్రదర్శన ఒకటి చూసి లోపల వణికిపోయాను. వారికి కావలసింది ఇంకా వంగడం కాదు, కీళ్ళను నిలబెట్టే కండరాలకు బలం. గోడ ఆనుకుని చేసే వృక్షాసనం, సేతుబంధాసనంలో కొద్దిగా నడుము ఎత్తడం వంటివి నెమ్మదిగా చేయించండి, ఆ భంగిమలో కూడా మెడ మీద బరువు పడకుండా ఎత్తు తక్కువగా ఉంచండి. నడకలో కొత్తగా తడబాటు, మెడనొప్పి, తల ఒక పక్కకు వాలడం, మూత్రం మీద అదుపు తప్పడం కనిపిస్తే వెంటనే ఆపి డాక్టరు గారికి చూపించాలి. ఇటువంటి పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండెలోపం ఉంటుంది కనుక ఎకో (గుండె స్కాన్) రిపోర్టు చూడకుండా మొదలుపెట్టవద్దు.

కాళ్ళు బిగుసుకుని ఉన్న పిల్లలను వేగంగా సాగదీస్తే కండరం మరింత బిగుస్తుంది. చాలా నిదానంగా, ఊపిరి వదిలే సమయంలో, నొప్పి ముఖంలో కనిపించే ముందే ఆగిపోవాలి. నడవలేని పిల్లల్లో తుంటి కీలు జారి ఉండే అవకాశం ఎక్కువ, అందువల్ల సీతాకోకచిలుకలా మోకాళ్ళు పక్కలకు తెరిచే భంగిమను ఫిజియోథెరపిస్టు అనుమతి లేకుండా చేయించకండి, మోకాళ్ళను చేతులతో అసలు అదమకండి. కుర్చీలో కూర్చునో, తల్లి ఒడిలో ఆనుకునో చేతులు ఎత్తి దించడం, గాలి పొడవుగా వదలడం కూడా యోగాయే. భోజనమైన రెండు గంటల లోపు, ట్యూబుతో ఆహారం ఇచ్చాక, వెల్లకిలా పడుకోబెట్టవద్దు.

వేసవి గురించి అడగడం చాలా బాగుంది, ఎందుకంటే ఇది చాలామందికి తోచదు. మూర్ఛకు వాడే టోపిరమేట్, జోనిసమైడ్ వంటి మందులు కొందరు పిల్లల్లో చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి. మే నెలలో మన ఎండకు చెమట పట్టని బిడ్డ ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది. కేస్ షీట్‌లో ఆ మందులు ఉంటే ఉదయం ఏడు లోపే, గాలి ఆడే గదిలో, మధ్యమధ్య నీళ్ళు తాగిస్తూ చేయించండి, బిడ్డ ముఖం ఎర్రబడి చర్మం పొడిగా ఉంటే ఆ రోజుకు ఆపేయండి. రక్తపోటును తగ్గించే గుణమున్న క్లోనిడిన్ మందు వాడుతున్న పిల్లలకు పడుకున్న చోటు నుంచి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరగవచ్చు. శవాసనం తరువాత పక్కకు తిరిగి, కూర్చుని, ఆ పైన లేపండి.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్ళు, ఆటిజం ఉందని వేలూరులో చెప్పారు. మాత్రలు, స్పీచ్ థెరపీ నడుస్తున్నాయి. ప్రతిసారీ చిత్తూరు నుంచి వెళ్ళి రావడం భారంగా ఉంది. ఇక్కడే నర్సమ్మ యోగా చేయిస్తే మిగిలినవి ఆపవచ్చా?
— ఒక తల్లి, చిత్తూరు

జవాబు: ఆపవద్దమ్మా. స్పీచ్ థెరపీ చేసే పనిని యోగా చేయలేదు, మాత్రలను మీ అంతట మీరు ఆపితే, అవి మూర్ఛకు ఇచ్చినవైతే మరీ ముఖ్యంగా, ప్రాణం మీదికి రావచ్చు. మీ ప్రయాణ భారం తగ్గించుకోవడానికి మరో దారి ఉంది. వేలూరు డాక్టరు గారినే అడిగి, ఇంట్లో చేయవలసిన అభ్యాసాలు రాయించుకుని, వెళ్ళవలసిన సార్లు తగ్గించవచ్చునేమో తెలుసుకోండి. పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకమైన ఆర్‌బీఎస్‌కే కింద జిల్లాలో పిల్లలకు సత్వర చికిత్స అందించే డీఈఐసీ కేంద్రం గురించి ప్రభుత్వాసుపత్రిలో అడగండి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మీ మండలంలో ఉన్న భవిత కేంద్రంలో బాబు పేరు రాయించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది కనుక ధ్రువపత్రానికి మీకు హక్కు ఉంది. దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం ఏర్పాటుచేసిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో చేరితే లక్ష రూపాయల వరకు చికిత్స ఖర్చులకు, థెరపీకి కూడా వెసులుబాటు ఉంటుంది.

యోగాను మీరు రాత్రి పడుకునే ముందు వాడుకోండి. దీపం తగ్గించి, టీవీ ఆపి, బాబు పక్కన మీరు పడుకుని, మీ పొట్ట మీద అతని చేయి వేసుకుని నిదానంగా ఊపిరి పీల్చి వదలండి. అతన్ని ఏమీ చేయమని అడగకండి.

ప్రశ్న: మా ఆరోగ్య కేంద్రం పరిధిలో ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు కూడా ఉన్నాయి. ఓంకారం అనమంటే కొందరు తల్లులు ఇబ్బంది పడుతున్నారు. ఏమి చేయాలి?
— ఏఎన్ఎం, పలమనేరు

జవాబు: ఓంకారం అనమని అడగవద్దు. పెదవులు మూసి 'మ్' అని తుమ్మెదలా శబ్దం చేస్తే చాలు, గాలి పొడవుగా వెళ్ళడానికి అంతే కావాలి. నేను పైన చెప్పిన ఏడు కొండల లెక్క కూడా ఆ పాప ఇంట్లో అలవాటైన పేర్లు కనుక కుదిరింది, మరో ఇంట్లో వారి తోటలోని చెట్ల పేర్లు కుదురుతాయి. తల్లి మనసు కష్టపెట్టుకుంటే బిడ్డ ఆ గదిలోకే రాడు. ఈ 'మ్' శబ్దం కూడా కొందరు ఆటిజం పిల్లలకు పడదు, చెవులు మూసుకుంటే వెంటనే మానేయండి.

ప్రశ్న: నేను శ్రీకాళహస్తిలో పదిహేనేళ్ళుగా యోగా నేర్పుతున్నాను. మాలాంటి శిక్షకులు ఉండగా, ఆసనమే తెలియని నర్సులకు ఈ పని అప్పగించడం యోగాను తక్కువ చేయడం కాదా?
— యోగా శిక్షకులు, శ్రీకాళహస్తి

జవాబు: మీ బాధలో న్యాయం ఉంది. పదిహేనేళ్ళ సాధనకు మూడు నెలల శిక్షణ సాటి రాదు, నర్సులకు యోగా నేర్పవలసింది మీవంటివారే. అయితే అయ్యా, పైన చిత్తూరు నర్సుకు రాసిన జవాబును మరొకసారి చదవమని కోరుతున్నాను. ఫిట్స్ మందు ఏ గంటకు వేశారో, ఎకో రిపోర్టులో ఏముందో తెలియకుండా ఈ పిల్లల దగ్గర పనిచేయడం మీకే ప్రమాదం. మీరు నర్సుకు ఆసనం నేర్పండి, ఆమె మీకు బిడ్డ పరిస్థితిని నేర్పుతుంది. వీలైనంత వరకు ఇద్దరూ ఒకే గదిలో ఉండండి, తల్లి కూడా ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. మాట రాని పిల్లలు తమకు జరిగినది చెప్పుకోలేరు కనుక ఈ కట్టుబాటు నర్సుకూ, శిక్షకుడికీ, నాకూ సమానంగా వర్తిస్తుంది.

ప్రశ్న: నేను ఇప్పటికే శిక్షణ పొంది, నాలుగు నెలలుగా తొమ్మిదేళ్ళ పాపకు యోగా చేయిస్తున్నాను. ఒక్క ఆసనం కూడా పూర్తిగా చేయదు. పైవారు 'ప్రగతి ఏమిటి?' అని అడుగుతున్నారు. నా రికార్డులో ఏమి రాయాలి?
— స్టాఫ్ నర్సు, తిరుపతి

జవాబు: ఆసనాలు లెక్కపెట్టకండి. పాప ఎన్ని నిమిషాలు చాప మీద ఉన్నదో, రాత్రి పడుకున్నాక ఎంతసేపటికి నిద్రపట్టిందో, ఆ వారంలో ఎన్నిసార్లు తనను తాను కొట్టుకుందో, ఎంతసేపటికి శాంతించిందో రాయండి. మొదలుపెట్టే ముందు రెండు వారాల లెక్క ఉంటే దానితో పోల్చండి, లేకపోతే ఈ వారం నుంచే మొదలుపెట్టి మూడు నెలలు చూడండి. అదే కాలంలో మందు మారితే, బడి మారితే, ఇంట్లో చెల్లెలు పుడితే, ఆ సంగతి కూడా అదే పుటలో రాయాలి, లేకపోతే మేలు జరిగినా, కీడు జరిగినా దేనివల్లనో తెలియదు. అంకెలు కదలకపోతే అది కూడా దాచకుండా రాసి, డాక్టరు గారితో మాట్లాడి మార్చడమో, మానడమో చేయండి.

మీ ఉత్తరం చివర, పాప ఈ మధ్య మీరు రాకముందే చాప పరిచి, మీ కోసం మరో చాప పక్కన పరుస్తున్నదని రాశారు. ఆ సంగతిని తేదీతో సహా రికార్డులో మొదటి వరుసలో రాయండి.